బావిలో పెట్టిన కాలు

నా కాలు ఇప్పుడు బాగానే ఉంది. చీలమండ పైన గోరంత మచ్చ తప్ప ఏమీ లేదు. మా అమ్మాయి విమల కుడి మోకాలు మాత్రం పూర్తిగా వంగదు. కింద కూర్చోవాలంటే ఆ కాలు ముందుకు చాపి, గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంటుంది. చూసినవాళ్ళు "పుట్టుకతోనే అట్లనా అమ్మా?" అని అడుగుతారు. ఇన్నాళ్ళూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఇక అబద్ధాలు అల్లే ఓపిక లేదు. నారికురుపుతో నేను పడ్డ బాధ, నావల్ల ఊరు పడ్డ బాధ, రెండూ రాసేస్తే మనసు కొంచెం కుదుటపడుతుందేమోనని ఆశ. దిగుడుబావి నీళ్ళు తాగే ఊళ్ళవాళ్ళు చదివితే వాళ్ళకూ మేలు.

మాది కార్వేటినగరానికి పక్కన ఒక మెట్టపల్లె. నేను ఆ ఊరి బడిలో పంతులమ్మను. మా ఆయన చిత్తూరు బస్సులో కండక్టరు, వారానికి ఒకసారి ఇల్లు చేరేవాడు. ఇంట్లో నేను, మా అత్త, ఐదేళ్ళ విమల. ఊరికంతా తాగడానికి ఒకటే దిగుడుబావి. మెట్లు దిగి, చీలమండ మునిగేదాకా నీళ్ళలో నిలబడి కడవ ముంచుకోవాలి. మా అత్త కాలం నుంచీ, ఆమె అత్త కాలం నుంచీ అంతే.

యుద్ధం జరుగుతున్న రోజులు. ఉగాది వెళ్ళిన వారానికి నాకు ఒళ్ళంతా దద్దుర్లు లేచి జ్వరం వచ్చింది. మూడో రోజు ఎడమ చీలమండ మీద బొబ్బ పొడిచింది. ఆ మంట ఎట్లాంటిదో చెప్పలేను. పొయ్యిలో కాలు పెట్టి తీయడం మరిచినట్టు ఉండేది. బొబ్బ పగిలి, లోపలినుంచి తెల్లటి దారంలాంటిది తల బయటపెట్టింది. నా కాల్లోంచి ఏదో ప్రాణమున్నది బయటికి వస్తోందని తెలిసి నేను వాంతి చేసుకున్నాను.

మా ఊళ్ళో అంతకుముందు ఈ జబ్బు లేదు. మా పుట్టింటి వైపు ఉంది. కిందటి వేసవిలో తమ్ముడి పెండ్లికని వెళ్ళి నెల రోజులు అక్కడి బావి నీళ్ళు తాగి వచ్చాను. ఆ సంగతికీ ఈ పుండుకూ సంబంధం ఉందని నాకు తట్టనే లేదు. ఏడాది కిందట తాగిన నీళ్ళు ఇప్పుడు కాలు చీల్చుకుని బయటికి వస్తాయని ఎవరు అనుకుంటారు?

తెలిసినవాళ్ళను అడుగుదామంటే, అందరూ తెలిసినవాళ్ళే. మా అత్త తేల్చి చెప్పేసింది.

"పోయినేడు చేన్లో పామును కొట్టినారు గదమ్మే. దాని ఉసురే ఇది. పుట్టలో పాలు పోసి రా."

పోసి వచ్చాను. క్షవరం చేసే మునెయ్య ఉమ్మెత్తాకు కట్టమన్నాడు. కట్టాను. సంతకు వచ్చే కాంపౌండరు దాన్ని చూసి, "అది పురుగు కాదమ్మా, నరం. లాగినావంటే కాలు ఎండిపోతాది" అని భయపెట్టి పోయాడు. ఇక మా ఆయన వారం వారం బస్సునుంచి ఒక కొత్త వైద్యం మోసుకొచ్చేవాడు. టిక్కెట్టు కొన్న ప్రతివాడూ వైద్యుడే. ఒకరు ఇంగువ మింగమన్నారట, ఒకరు ఇంగువ వాసనే చూడకూడదన్నారట. ఇద్దరూ ఒకే ఊరివాళ్ళట. పిల్లలకు భూగోళం చెప్పేదాన్ని, నా కాల్లో ఉన్నదేమిటో నాకు తెలియదు. నాకు చెప్పగలిగినవాళ్ళు ఎక్కడున్నారో అంతకన్నా తెలియదు.

చివరికి చిత్తూరులో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. అప్పట్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. మిట్ట వస్తే అందరం దిగి నడవాలి. మా ఆయన నన్ను పట్టుకుని నడిపిస్తుంటే, బస్సులోని ఆడవాళ్ళు "మొగుడు బాగా చూసుకుంటాడు" అని మెచ్చుకున్నారు. మంటలో నాకు ఆ మాటకు కూడా కోపమొచ్చింది.

వరండాలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను. డాక్టరు నా కాలు చూసింది రెండు నిమిషాలు. ఆ తరువాత ఒక నర్సమ్మ నన్ను పక్కకు పిలిచి, చీపురుపుల్ల తెచ్చి, దారం కొసను దానికి చుట్టి చూపించింది. ఆరోజు నాతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది ఆమె ఒక్కతే.

"దినానికి ఇంతే సుట్టు. తొందరపడి లాగొద్దు, తెగిందంటే నీకే కష్టం. నీళ్ళు తగిలితే బాగా దిగుతాది. తడి గుడ్డ ఏస్తా ఉండు తల్లీ."

ఆమె చెప్పింది నిజమే. ఏ నీళ్ళో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఇంట్లో తడిగుడ్డ వేస్తే ఆ ఎండకు చిటికెలో ఆరిపోయేది. అందుకని బావికి పోయాను. మెట్టు మీద కూర్చుని కాలు నీళ్ళలో పెట్టగానే, తల్లి ఒళ్ళో పడుకున్నంత సుఖం. మా పక్కింటి నాగమ్మ కడవ ముంచుకుంటూ పక్కకు జరిగింది.

"ఈడ కూసో పంతులమ్మా, ఈ మెట్టు సల్లగా ఉంటాది. బాగా లోపలికి పెట్టు. పాపం, ఎంత కష్టమొచ్చె నీకు."

పుండులోంచి పాలలాంటి తెల్లటిది సన్నగా వచ్చి నీళ్ళలో కలిసిపోయేది. చీము కడుక్కుపోతోందని సంతోషపడ్డాను. పదకొండు రోజులు, రోజుకు రెండు పూటలు అట్లా కూర్చున్నాను. తరువాత పురుగు మొత్తం దిగింది. పుండు మానింది. మా అత్త నలుగురినీ పిలిచి పాయసం పెట్టింది.

మరుసటి ఉగాది దాటింది. ఒకరోజు విమల బడినుంచి కుంటుకుంటూ వచ్చి, "అమ్మా, మోకాలు మండుతా ఉండాది" అంది. ఒళ్ళంతా అవే దద్దుర్లు. బొబ్బ మోకాలి పక్కన పొడిచింది. ఆ వారంలోనే నాగమ్మ భర్తకు రెండు కాళ్ళకూ వచ్చింది. తరువాత నాయుడుమామ కోడలికి. ఆయన మా ఊరి పెద్ద, వరసకు అందరికీ మామే. తరువాత ఇక లెక్క పెట్టడం మానేశాను. ఏ ఇంటి ముందు చూసినా కాలు చాపుకుని, పుల్లకు దారం చుట్టుకుంటూ ఒకరు కూర్చుని ఉండేవాళ్ళు. వాన పడ్డాక వేరుశనక్కాయలు విత్తాలి. నాగలి పట్టేవాడు లేడు. బడికి ఏడుగురు వచ్చేవాళ్ళు, అందులో ఇద్దరు పాకుతూ వచ్చేవాళ్ళు.

ఆ ఉగాదికి ముందు మాఘంలో రోడ్డుపనికి రాళ్ళు కొట్టే కుటుంబాలు వచ్చి మా ఊరి గుట్ట కింద గుడిసెలు వేసుకున్నాయి. ఊరంతా వాళ్ళను చూపించింది. నాయుడుమామ రచ్చబండ దగ్గర నలుగురినీ పెట్టుకుని నన్ను పిలిపించాడు.

"పంతులమ్మా, నువ్వు సదువుకున్నదానివి. నువ్వు చెప్తే అందరం వింటాము. ఆ రాళ్ళోళ్ళు వచ్చినాకనే గదా ఇది వచ్చింది. వాళ్ళవల్లనేనా?"

నాకు తెలియదు. తెలియదు అని చెప్పడానికి నోరు రాలేదు. అంతమంది నావైపు చూస్తుంటే, చదువుకున్నదాన్ని, తెలియదని ఎట్లా చెప్పను?

"అయ్యుండచ్చు మామా" అన్నాను.

ఆ ఒక్క మాట చాలింది. వాళ్ళను బావి మెట్టు తొక్కనీయకూడదని ఆరోజే తీర్మానం అయింది.

మరునాడు మధ్యాహ్నం మా వాకిట్లోకి ఒకామె వచ్చింది. రాళ్ళు కొట్టే గుంపులో ఎంగటమ్మ. వెంట నలుగురు పిల్లలు, చంకలో చిన్నది. పిల్లలను వరసగా నిలబెట్టి, చీర కుచ్చిళ్ళు ఎత్తి తన కాళ్ళు చూపించింది.

"అమ్మా, మావల్లనే అని మీరు చెప్పినారంట. మా కాళ్ళు సూడండి. ఈ బిడ్డల కాళ్ళు సూడండి. యాడన్నా పుండు ఉండాదా? మీ ఊర్లో అందరికీ ఉండాది, మాకు ఒక్కరికీ లేదు. మావల్ల అయితే ముందు మాకు రావద్దా? ఆ బావి నీళ్ళు లేకుంటే మేము గుట్టకింద గుంతలో నీళ్ళే తాగాల. ఆ నీళ్ళు ఎట్లుంటాయో వచ్చి సూడండి."

ఆమె అడిగినదానికి జవాబు ఆ కాళ్ళ మీదే ఉంది. నేను చూడలేదు. లోపల విమల ఏడుస్తోంది. "నా బిడ్డ బాధ నాకు చాలు, పో" అని తలుపు వేసుకున్నాను. నా జీవితంలో చేసిన పనులన్నిటిలో నేను మళ్ళీ మళ్ళీ తలుచుకునేది అదే.

విమల అరుపులు వినలేక, నేను బడిలో ఉన్నప్పుడు మా అత్త మునెయ్యను పిలిపించింది. ఆయన దారాన్ని పట్టి లాగాడు. తెగింది. రెండు రోజులకు మోకాలు గుమ్మడికాయలా ఉబ్బింది. నేను మా అత్తను అనరాని మాటలన్నీ అన్నాను. ఆమె కూర్చుని ఏడ్చింది. మా ఆయన రాగానే, బిడ్డను ఎత్తుకుని బండిలో పుత్తూరు, అక్కడినుంచి రైలులో తిరుపతి వెళ్ళాము. బోడిగుండ్ల యాత్రికుల మధ్య, ఎవరి మూట తగిలినా కెవ్వుమనే బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కొండ కనిపించినప్పుడు అందరూ దండం పెట్టారు. నా రెండు చేతులూ బిడ్డ మోకాలికి అడ్డంగా ఉన్నాయి.

అక్కడి ఆసుపత్రిలో మాకు డాక్టరు దొరికింది రెండో రోజు. కాలు తీసేయాలేమోనని ఆ వరండాలో ఒకరెవరో అన్నారు. ఆ మాట పట్టుకుని నేను రెండు రోజులు కొట్టుకున్నాను. పక్కన జబ్బుగా ఉన్న తల్లితో వచ్చిన ఒకాయన, ఆమెకు తెచ్చిన గంజిలో సగం మా విమలకు పోశాడు. పేరు కూడా అడగలేదు నేను.

రెండో రోజు గోడకు ఆనుకుని నిలబడ్డాను. గోడ మేకులకు రోగుల తాలూకు తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. ఒకటి గాలికి తొలగితే దాని వెనక అచ్చు కాగితం కనిపించింది. తెలుగులోనే ఉంది. పైన దిగుడుబావి బొమ్మ, మెట్టు మీద ఒక మనిషి, నీళ్ళలో కాలు. తువ్వాలు తీసి చదివాను. పుండు ఉన్న కాలు నీళ్ళలో పెడితే పురుగు తన పిల్లలను తెల్లగా నీళ్ళలోకి వదులుతుందట. కంటికి ఆనని నీటిపురుగులు వాటిని మింగుతాయట. ఆ నీళ్ళు వడగట్టకుండా తాగినవాళ్ళకు ఏడాదికి పుండు లేస్తుందట. బావిలో కాలు పెట్టకూడదు, నీళ్ళు రెండు మడతల గుడ్డలో వడగట్టాలి, మెట్లు మూసి చేదుకోవాలి.

మూడుసార్లు చదివాను. మూడోసారికి అక్షరాలు కనిపించలేదు. పదకొండు రోజులు. రోజుకు రెండు పూటలు. సరిగ్గా ఏడాది.

మందు కట్టే ఆయనను పట్టుకుని అడిగాను, కాదు, కేకలేశాను. "ఈ కాగితం మా ఊరికి ఎందుకు రాలేదు? నేను బడి పంతులమ్మను. నాకు ఎందుకు చేరలేదు?"

"అన్ని తాలూకాలకూ పంపించినారమ్మా" అన్నాడు ఆయన, నొచ్చుకుంటూ. "యాడ నిల్చిపోయిందో. ఇంకొకటి ఇద్దామంటే లేదు. అచ్చేసేదానికి కాగితమే లేదు ఇప్పుడు."

విమల ఆసుపత్రి చీటీ వెనక అదంతా చిన్న అక్షరాలతో రాసుకున్నాను. మోకాలు కోసి చీము తీశారు. కాలు దక్కింది. వంగుతుందో లేదో చెప్పలేమన్నారు.

ఇంటికి వచ్చాక మా ఆయనకూ, అత్తకూ చెప్పాను. నావల్లే అని.

మా అత్త నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "గమ్మునుండు. ఆ మాట ఇంకోసారి అనొద్దు. నాగమ్మ మొగుడు మంచంలో ఉండాడు. వాళ్ళంతా మన మీదికి వస్తే యాడికి పోతాము?"

మా ఆయన అన్నాడు. "నీళ్ళు వడగట్టమని చెప్పు. కాలు పెట్టొద్దని చెప్పు. ఎవురి కాలో ఎందుకు చెప్పాల? పని అయితే చాలు గదా."

నాకూ కావలసింది అదేనేమో, ఒప్పుకున్నాను. చీటీ వెనక రాసింది రచ్చబండ దగ్గర చదివి వినిపించాను. విన్నారు. కట్టుకోవడానికే కంట్రోలు అంగడిలో గుడ్డ దొరకడం లేదు, కడవలకు కట్టాలా అని నవ్వారు. నాయుడుమామ మెల్లగానే చెప్పాడు.

"రాళ్ళోళ్ళు పోతే అన్నీ సరిపోతాయి లేమ్మా. నువ్వే గదా చెప్పినావు."

ఎనిమిది రోజులు అట్లా గడిపాను. తొమ్మిదో రోజు పొద్దున, గుడిసెలు పీకి వెళ్ళిపొమ్మని వాళ్ళకు చెప్పి పంపారని తెలిసింది. నీళ్ళ వేళ. ఊరి ఆడవాళ్ళంతా బావి దగ్గరే ఉన్నారు. నాయుడుమామా, ఇంకా కొందరు మగవాళ్ళూ గట్టున ఉన్నారు. నేను వెళ్ళి చెప్పేశాను. రాళ్ళవాళ్ళు కాదు, నేను. పోయినేడు ఈ మెట్టు మీద కూర్చున్నది నేను.

ఎవరూ నమ్మలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "బిడ్డకు అట్లయ్యేసరికి మనసు చెదిరింది" అన్నారు. "మంచి మనిషి గాబట్టి వాళ్ళ పాపం తన నెత్తినేసుకుంటాండాది" అని నాయుడుమామ అందరికీ వివరించాడు. నేను "అయ్యుండచ్చు" అంటే నమ్మిన ఊరు, "నేనే" అంటే నమ్మలేదు.

ఇంటికి పరిగెత్తాను. విమలకు చీలమండ దగ్గర రెండో బొబ్బ అంతకుముందు రోజే లేచింది. నీళ్ళు తగలనివ్వకుండా పొడిగుడ్డ కట్టి ఉంచాను, అది రాత్రంతా నన్ను నీళ్ళు అడుగుతూనే ఉంది. దాన్ని ఎత్తుకుని, ఒక ఇత్తడి బేసినులో ఇంటి నీళ్ళు తీసుకుని మళ్ళీ బావి గట్టుకు వచ్చాను. అందరి మధ్యా కూర్చోబెట్టి కట్టు విప్పాను.

"పెట్టు పాపా" అన్నాను.

అది నా ముఖంలోకి చూసింది. ఇన్నాళ్ళు వద్దన్న అమ్మ ఇప్పుడు పెట్టమంటోంది. కాలు నీళ్ళలో పెట్టింది. దాని ముఖం అంతా విచ్చుకుంది. ఎన్నో రోజుల తరువాత నవ్వింది. బొబ్బ పగిలి, పుండులోంచి తెల్లగా వచ్చింది. బేసినులో నీళ్ళు చూస్తుండగానే బియ్యం కడుగులా అయ్యాయి. నా బిడ్డ సుఖంగా నవ్వుతుంటే, దాని చుట్టూ ఊరంతా వంగి ఆ తెల్లదనం చూసింది.

"ఇదే" అన్నాను. "పోయినేడు పదకొండు దినాలు నేను ఈ బావిలో కలిపింది ఇదే. మీరు తాగింది ఇదే."

నాగమ్మ కడవ దించి మెట్టు మీద కూర్చుండిపోయింది.

"నేనే గదా జరిగి సోటిచ్చింది" అంది. "లోపలికి పెట్టుకో అని నేనే గదా చెప్పింది."

ఆమె నన్ను తిట్టలేదు. మిగిలినవాళ్ళు తిట్టారు. బేసిను నీళ్ళు దూరంగా ఎండ బండ మీద పారబోసి, విమలను మా అత్త చేతికిచ్చి, నేను గుట్ట కిందికి పోయాను. గుడిసెలు లేవు. పొయ్యి రాళ్ళు ఇంకా వెచ్చగా ఉన్నాయి. వాళ్ళు తాగిన గుంత చూశాను. పచ్చగా నాచు పట్టి, అంచున గొర్రెల డెక్కల గుర్తులతో, కాసిని నీళ్ళు. అక్కడ మేకలు కాసే ఆమె, వాళ్ళు పొద్దున్నే పోయారని చెప్పింది. ఎటు పోయారో తెలియదంది. చిన్నపిల్లకు బేదులు పట్టుకున్నాయని, తల్లి భుజం మీద తల నిలపలేకపోయిందని చెప్పింది.

బావి మెట్లు మా ఊరివాళ్ళే రాళ్ళతో మూసి, గట్టు కట్టి, గిలక వేశారు. కడవ మూతికి మొదట గుడ్డ కట్టింది నాగమ్మ, భర్త పాత పంచె రెండు మడతలు చేసి. నన్ను చాలామంది ఏడాది పలకరించలేదు. అది న్యాయమే. ఆ ఏడాదంతా మాకు ఎదురుచూపే. అప్పటికే తాగేసిన నీళ్ళు ఎవరి ఒంట్లో ఉన్నాయో ఎవరికీ తెలియదు. వేసవి వచ్చేసరికి ఇంకొందరికి పొడిచింది. ప్రతి ఇంటి మంటా నాకు తెలిసేది. ఆ తరువాతి వేసవికి ఒక్కరికీ రాలేదు. విమల ఇప్పుడు బడిలో నా ముందే కూర్చుంటుంది, కాలు చాపుకుని. మోకాలు ఎందుకు అట్లా అయిందని మొన్న అడిగితే, మొత్తం చెప్పాను. విని, "ఎంగటమ్మ పాప బతికిందా?" అని అడిగింది.

నాకు తెలియదు అన్నాను. ఈసారి ఆ మాట నోటికి వచ్చింది.

ఎంగటమ్మకు చదువు రాదు. ఇది ఆమెకు చేరదు. పుత్తూరు రోడ్డులోనో, చిత్తూరు రోడ్డులోనో, ఇంకెక్కడైనా రాళ్ళు కొట్టే గుంపు మీకు కనబడితే ఆ పేరు గల మనిషి ఉందేమో అడగండి. ఉంటే చెప్పండి. ఆ ఊరి నీళ్ళు చెడగొట్టింది పంతులమ్మ అనీ, ఆ సంగతి ఊరందరి ముందూ ఒప్పుకుందనీ, ఎనిమిది రోజులు ఆలస్యంగా ఒప్పుకుందనీ చెప్పండి.